యాంగాన్ చేరని కల్లు

యాంగాన్ పెద్ద దుకాణాల్లో బర్మా వైన్ దొరుకుతుంది. తౌంజీ దగ్గరి అయిథయా కొండమీద బెర్ట్ మోర్స్‌బాక్ అనే జర్మన్ 1999లో వేసిన ద్రాక్షతోట సరుకు ఒకటి, ఇన్లే సరస్సు ఒడ్డున ఆ తర్వాత వచ్చిన రెడ్ మౌంటెన్ తోట సరుకు ఇంకొకటి. రెండూ బాగానే ఉంటాయి. తోటల వయసు మాత్రం పాతికేళ్లు. వైన్ గ్రామం, తరతరాల వారసత్వం అనే మాటలు వాటికి అప్పుడే అతకవు.

ఆ మాటలు అతికే పల్లెలు బర్మాలో లేకపోలేదు. యాంగాన్‌కు ఉత్తరాన ఒక రాత్రంతా బస్సులో పోతే వచ్చే బగాన్ దాటాక, న్యాంగ్‌ఊ నుంచి పోపా కొండకూ చౌక్‌పడౌంగ్‌కూ పోయే దారి పొడుగునా ఉన్నాయి. అక్కడి పంట ద్రాక్ష కాదు. వానలు తక్కువ, నేల ఇసుక, కనుచూపు మేర తాళ్లు. బర్మా వాళ్లు తాటిని థాన్ అంటారు, కల్లును థాన్‌యే అంటారు, ఎక్కి గీసేవాణ్ణి థాన్‌తెక్‌తమా అంటారు. నల్గొండ నుంచో సూర్యాపేట నుంచో వెళ్లినవాడికి ఆ దారిలో ఏదీ కొత్తగా కనిపించదు, నిచ్చెనలు తప్ప. వాటి సంగతి తర్వాత చెప్తాను.

ఆ పల్లెల్లో ఉడికిన బెల్లం యాంగాన్ వస్తుంది. తెయింజీ బజారులో గోధుమరంగు ఉండలు గంపలకొద్దీ కనిపిస్తాయి. ఉత్తవి, కొబ్బరి కలిపినవి, నువ్వులద్దినవి, రేగుపండు గుజ్జు పట్టించినవి, ఇలా నాలుగైదు రకాలు. భోజనమయ్యాక పంచదార లేని పచ్చ టీ తాగుతూ ఒక ఉండ నోట్లో వేసుకోవడం అక్కడి అలవాటు. తేగలు కూడా వస్తాయి. కల్లు మాత్రం రాదు. రోడ్లు బాగా లేకపోవడం వల్లో లారీలు దొరక్కపోవడం వల్లో కాదు. ఆ పల్లెల పనితనం మొత్తాన్నీ అర్థం చేసుకోవడానికి ఈ రాకపోవడమే సులువైన దారి.

తాటిచెట్టులో ఆడా మగా వేరు. మనవైపు పోతుతాడు, పండుతాడు అంటాం. ఏది ఏదో మొదటి గెల వేసేదాకా ఎవరూ చెప్పలేరు. అందుకు పన్నెండేళ్లు పట్టొచ్చు, ఇరవై పట్టొచ్చు. గింజ పాతినవాడికంటే అతని కొడుకే ఆ కల్లు ఎక్కువగా తాగుతాడు. ఒకసారి గీతకొచ్చిన చెట్టు మాత్రం రెండు మూడు తరాలకు ఇస్తుంది, వందేళ్లు దాటి నిలబడుతుంది.

తాటికల్లు కాండంలోంచి రాదు, పూతలోంచి వస్తుంది. తాటికీ ఈతకూ ఉన్న పెద్ద తేడా ఇదే. ఈతచెట్టుకు మొవ్వ కింద కాండానికే గాటు పెడతారు. తాటికైతే పైకెక్కి, మట్టల మధ్య నుంచి వస్తున్న గెలను వెతికి పట్టుకోవాలి. పోతుతాడు పూత వేళ్లలా పొడుగ్గా ఉంటుంది. దాన్ని రెండు కర్రముక్కల మధ్య పెట్టి మెల్లగా నొక్కుతారు. మర్నాడు మళ్లీ నొక్కుతారు. గట్టిగా నొక్కితే కండ నలిగి కుళ్లుతుంది, చాలకపోతే నీరు దిగదు. కొద్దిరోజులు ఇలా లొంగదీశాక కొసను కత్తితో పలచగా గీస్తారు. పండుతాడుకు లేత పిందెలున్న గెలతోనే పని. దానికి వాడే కర్రలు వేరు, నొక్కే తీరు వేరు. పోతుతాటి వంతు ముందు, ఎండలు ముదిరాక పండుతాటి వంతు. ఏ చెట్టు గెల ఎప్పుడు లొంగుతుందో గీసేవాడి వేళ్లకే తెలుస్తుంది. పుస్తకంలో రాసి నేర్పే విద్య కాదిది.

అసలు పనితనం అంతా ఆ గీతలో ఉంది. తెగిన గాయాన్ని చెట్టు మూసేసుకోవాలని చూస్తుంది. కొసలోని సన్నని నాళాలు కొన్ని గంటల్లో పూడుకుపోతాయి. అందుకని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కి, పూడిన పొరను మాత్రమే తీసేయాలి. కాగితమంత పలచని చక్క చాలు. మందంగా తీసినవాడికి ఆ రోజు కల్లు ఎక్కువే దిగొచ్చు, కానీ గెల నెలముందే అయిపోతుంది. గెల పొడుగే గీసేవాడి పెట్టుబడి. పలచగా గీసినవాడు దాన్ని సీజనంతా తింటాడు. మంచి గీతగాడి కత్తి చూస్తే ఆ పదును మంగలి కత్తికి కూడా ఉండదనిపిస్తుంది. బర్మాలో దాన్ని చెక్క ఒరలో పెట్టి నడుం వెనక కట్టుకుంటారు. ఎక్కేటప్పుడు ముందువైపు చెట్టుకు ఆనుకుంటుంది కాబట్టి కత్తి వెనకే ఉండాలి. మన గీతగాడు నడుముకు కట్టుకునే ముత్తాదులోనూ అదే లెక్క.

గెల కొస నుంచి దిగేటప్పుడు అది కల్లు కాదు, తియ్యని నీరు. నూటికి పన్నెండు పాళ్లదాకా చక్కెర ఉంటుంది. అది కల్లు కావడానికి మనిషి చేసేదేమీ లేదు. గాలిలోని ఈస్టు, అంతకంటే ముఖ్యంగా నిన్నటి కుండ అడుగున అంటుకుని మిగిలిన ఈస్టు, తొలి చుక్క పడినప్పటి నుంచే పని మొదలుపెడతాయి. జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా, లాక్టిక్ జాతి బ్యాక్టీరియాలు తోడవుతాయి. ద్రాక్షవైన్ చేసేవాడు పులియబెట్టడం అనే ఘట్టాన్ని పండు కోశాక మొదలుపెడతాడు, గీతగాడికి అది చెట్టుమీదే అయిపోతుంటుంది. రాత్రి కట్టిన కుండ తెల్లారి దించేసరికి సగం కల్లై ఉంటుంది. ఎండెక్కేకొద్దీ నురగ పొంగుతుంది, తీపి తగ్గుతుంది, మత్తు పెరుగుతుంది. ఆల్కహాలు నాలుగైదు శాతానికి చేరాక ఎసిటిక్ బ్యాక్టీరియా వంతు వస్తుంది. ఒక రోజు దాటితే పుల్లకల్లు, ఇంకా ఉంచితే వెనిగర్.

అంటే కల్లుకు వయసు గంటల్లో ఉంటుంది. పొద్దున ఏడింటి కల్లు, పదకొండింటి కల్లు, సాయంత్రం కల్లు వేర్వేరు పానీయాలు. తాగేవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. ఫ్రాన్స్‌లోని బుర్గుండీలో ఏ సంవత్సరం పంట అని అడుగుతారు, తాటితోపులో ఏ పూట కుండ అని అడుగుతారు. రెండో ప్రశ్న తక్కువ నాజూకైనదని నేననుకోను. కాకపోతే దాని జవాబు సీసామీద ముద్రించి అమ్మడానికి వీలుపడదు.

కుండలోపల సున్నం పూస్తే కథ మారుతుంది. క్షారం తగిలితే ఈస్టు లేవదు. నీరు తియ్యగానే దిగుతుంది. మనం నీరా అంటాం. బెల్లం వండాలనుకునే వాళ్లకు ఈ తేడా ప్రాణం. పులవడం మొదలైన నీటిలో చక్కెర విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజు అవుతుంది. ఎంతసేపు కాచినా పాకం గట్టిపడదు, బంకలా జారుతుంది. అందుకే కుండలు దించగానే పొయ్యిమీదికి పోవాలి. పోపా దారిలోని ఇళ్లల్లో మగవాళ్లు ఎక్కి దించితే, ఆడవాళ్లు వరుస మూకుళ్లలో కాస్తారు. మొదటి మూకుడులో నీరు, చివరిదాంట్లో పాకం. చిక్కబడేకొద్దీ ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారుస్తూ పోతారు. పాకం వేలికి సాగే అదును చూసి దించి, తిప్పి తిప్పి చల్లార్చి, వేడి ఆరకముందే చేత్తో ఉండలు చుడతారు. కిలో బెల్లానికి ఏడెనిమిది లీటర్ల నీరు మరగాలి. ఆ వంటచెరకు లెక్క చూస్తేనే గుండె జారుతుంది. తాళ్లు తప్ప వేరే చెట్లే తక్కువున్న మెట్టప్రాంతం అది. ఎండుమట్టలు, పొట్టు, చితుకులు, దొరికిందల్లా పొయ్యిలోకే పోతుంది.

బెల్లానికి పోగా మిగిలింది కల్లు. దాన్ని తోపులోనే తాగేస్తారు. థాన్‌యే దుకాణమంటే ఆకు కప్పిన పాక, పొట్టి బల్లలు, మట్టికుండలు, వేయించిన చేపలో పల్లీలో. మన కల్లుపాకకు అచ్చమైన తోబుట్టువు. పుల్లబడిన దాన్నీ బెల్లపు నీళ్లు పులియబెట్టిన దాన్నీ బట్టీలో వండి సారా తీస్తారు. కుండమీద కుండ, పైన చన్నీళ్ల గిన్నె, మధ్యలో చుక్క పట్టే గొట్టం. యాత్రికుల బస్సులు ఆగే చోట్ల ఇది చూపించి రుచికి గుక్కెడు పోసి సీసా అమ్ముతారు. బస్సు దిగినవాళ్లు కల్లును పొద్దునే తాగి ఉండరు కాబట్టి, ఆ సీసా చూసి తాటివైన్ అంటే ఇదే అనుకుని వెళ్లిపోతారు. నాకిది చూస్తే చిరాకు. సారాలో తాటిచెట్టు ఎంత మిగిలి ఉంటుందని?

అయితే తాటిజాతి మద్యం దూరం పోవడానికి అదొక్కటే మార్గమని బర్మా చరిత్ర నాలుగున్నర శతాబ్దాల కిందటే చెప్పింది. వెనిస్ నుంచి వచ్చిన చేజారే ఫెదెరీచీ అనే వర్తకుడు 1560లలో ఈ తీరాలు తిరిగాడు. అతని ప్రయాణ వృత్తాంతం 1587లో అచ్చయింది. దక్షిణాన తెనాసరిమ్ తీరంలో మెర్గీ అనే గ్రామం ఉందని, ఏటా అక్కడి రేవులో ఓడలకు వర్ణపు చెక్క, సాంబ్రాణి, నిపా అనే వైన్ ఎత్తుతారని రాశాడు. నిపా గురించి ఆయనకు చాలా మక్కువ. స్ఫటికంలా తేటగా ఉంటుందనీ, కడుపుకు మంచిదనీ, సుఖరోగాలు కూడా నయమవుతాయనీ ఊదరగొట్టాడు. చివరిమాటను నమ్మనక్కర్లేదు. నిపా అంటే ఉప్పుకయ్యల బురదలో పెరిగే తాటిజాతి మొక్క. బర్మాలో దనీ అంటారు. డెల్టా ఇళ్ల పైకప్పులు ఇప్పటికీ ఎక్కువగా దాని ఆకులే. కాండం బురదలో ఉండిపోతుంది కాబట్టి ఎక్కే పని లేదు, నిలబడే గెల కోయొచ్చు. దాని కల్లును వండి సారా తీసి ఓడలకెత్తేవారు. ఇవాళ మియేక్ అంటున్న ఆ మెర్గీ, సముద్రాలమీద పేరు తెచ్చుకున్న ఒక చిన్న వైన్ గ్రామం. బర్మాలో ఆ బిరుదుకు అసలు హక్కుదారు అదే. కానీ ఓడెక్కినది కల్లు కాదు, దాని ఆవిరి.

బౌద్ధదేశంలో ఇదంతా ఎలా సాగిందని అడగొచ్చు. సురాపానం పంచశీలంలో అయిదో నిషేధం. రాజు బొదాఫయా (పాలన 1782–1819) తాగినవాడికి మరణశిక్ష అని శాసించిన వాడు. అయినా బగాన్ కాలపు శాసనాల్లో గుళ్లకు, విహారాలకు ఇచ్చిన భూములతోపాటు తాటిచెట్లు కూడా కనిపిస్తాయి. తాటికి ఒక ముఖం బెల్లం, ఇంకో ముఖం కల్లు. దానమిచ్చినవాడు, పుచ్చుకున్నవాడు మొదటి ముఖం వైపే చూసుకుని ఉంటారు. జనం మాత్రం రెండో ముఖానికి కూడా దేవుణ్ణి వెతుక్కున్నారు. పోపా కొండ నాట్ దేవతల కొలువు. వాళ్లలో మిన్ చౌజ్వా అనే ఆయన తాగుబోతులకూ జూదరులకూ పెద్దదిక్కు. పఖాన్‌లో ఆయన జాతర జరిగితే మద్యమే నైవేద్యం. మన గౌడులు కాటమయ్య అని పిలిచే కంఠమహేశ్వరుడు, రేణుకా ఎల్లమ్మలకు ఈ సంగతి చెబితే ఆశ్చర్యపోరు. వాళ్లకు సాక పోసేదీ కల్లే.

తెలుగువాళ్ల సంగతి యాంగాన్ (పాత పేరు రంగూన్) దగ్గర మాట్లాడకుండా ఉండలేం. కోరంగి రేవు నుంచి ఓడెక్కి వచ్చినందుకు మనవాళ్లందరికీ అక్కడ కోరంగీలన్న పేరే పడింది. రేవుల్లో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. 1930 మే నెలలో రేవు పని విషయంలో బర్మావాళ్లతో గొడవ ముదిరి రక్తపాతమైంది. 1942లో జపాన్ బాంబులకు వేలమంది కాలినడకన దేశం దాటారు. మిగిలినవాళ్ల సంతతి ఇప్పటికీ యాంగాన్ చుట్టుపక్కల ఉంది. గోదావరి జిల్లాల తాళ్లమధ్య పుట్టినవాళ్లు మెట్ట బర్మా తాళ్లను చూసి ఏమనుకున్నారో రాసుకోలేదు. వాళ్లు దిగింది డెల్టాలో, చూసింది వరీ బురదా. తాళ్ల దేశం ఇంకా వందల మైళ్లు పైన.

ఇప్పుడు మొదటి మాటకొద్దాం. కల్లును ఊరు దాటిస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి యాంగాన్ పోనక్కర్లేదు, హైదరాబాద్ చాలు. చెట్లు నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో, తాగేవాళ్లు నగరంలో. తెలంగాణ వచ్చాక 2014లో నగరంలో కల్లు కాంపౌండ్లు మళ్లీ తెరిచారు. గీతకారుల బతుకు బాగుపడాలని ఉద్దేశం. అది సరైన ఉద్దేశమే. కానీ నగరం తాగేంత కల్లు చెట్లు ఇవ్వవు, ఇచ్చింది వచ్చేసరికి పులిసిపోతుంది. ఆ ఖాళీలోకి క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, ఆల్ప్రాజోలమ్ వచ్చాయి. నీళ్లు, సాకరిన్, మత్తుమందు కలిపినదాన్ని కల్లు పేరుతో అమ్ముతారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి పలువురు చనిపోయారు. దీన్ని దొంగబుద్ధి అని తిట్టి వదిలేస్తే సరిపోదు. సాయంత్రానికి పాడయ్యే సరుకును నగరపు సరుకు చేయాలనుకున్న లెక్కలోనే ఆ మందుకు చోటుంది.

నీరాకైతే కొంత దారి ఉంది. చల్లగా ఉంచి, పులవకుండా చూసి, ఆ రోజే అమ్మాలి. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డుమీద 2023 మే నెలలో ప్రభుత్వమే నీరా కేఫ్ తెరిచింది. తాగి చూస్తే బాగుంటుంది. కానీ కల్లు తాగినవాడికి నీరా పాలు పోయని టీ లాంటిది. మనం కాపాడాలనుకుంటున్నది చెట్టునా, గీతనా, ఆ గంటగంటకూ మారే రుచినా? మూడింటికీ ఒకే మందు పనిచేయదు.

యునెస్కో 2015లో బుర్గుండీ ద్రాక్షచేలను, షాంపేన్ కొండలను, అక్కడి నేలమాళిగలను వారసత్వ జాబితాలో చేర్చింది. 2019లో బగాన్ గుళ్లనూ చేర్చింది. గుళ్ల మధ్యన తాళ్లెక్కేవాళ్లు ఫొటోల్లో అందంగా పడతారు గానీ వాళ్ల విద్య ఆ జాబితాలోకి రాలేదు. ఫ్రాన్స్ ఊళ్లకు నేలమాళిగ ఉంది, పీపా ఉంది, సీసామీద సంవత్సరం ఉంది. చూపించడానికి వస్తువుంది. తాటితోపులో మర్నాటికి మిగిలేది నిన్నటి కుండలో ఈస్టు ఒక్కటే. దాన్ని కడగకుండా ఉంచడమే అక్కడి భద్రపరచడం. విలువ లేదనడానికి ఇది కారణం కాదు. చెట్టుచెట్టుకూ పూటపూటకూ చెయ్యి అలవాటు కావాలి కాబట్టి, ఆ చెయ్యి పోతే మొత్తం పోతుంది. పోపా దారిలో కుర్రాళ్లు చెట్లెక్కడం మాని యాంగాన్‌కూ మాండలేకూ థాయ్‌లాండ్‌కూ పోతున్నారు. మన ఊళ్లలోనూ అంతే. వాళ్లను తప్పుపట్టలేం. రోజుకు రెండుసార్లు, డజన్ల చెట్లు, అరవై డెబ్బై అడుగుల ఎత్తు, జారితే నడుము.

ఇక్కడే నిచ్చెనలు. మన గీతకారుడు నడుమునూ చెట్టునూ కలిపి మోకు చుట్టుకుని, కాళ్లకు బంధం వేసుకుని, మోకును పైపైకి జరుపుకుంటూ ఎక్కుతాడు. మోకు జారినా తెగినా అంతే. బర్మావాళ్లు సీజన్ మొదట్లోనే ప్రతి చెట్టుకూ వెదురు నిచ్చెన కట్టేస్తారు. పొడుగు వెదుర్లకు అడ్డకర్రలు దోపి, మట్టలదాకా చెట్టుకే బిగిస్తారు. సీజన్ అయ్యేదాకా అక్కడే ఉంటుంది. ఎక్కేవాడు రెండు చేతులూ కాళ్లూ మెట్లమీదే పెట్టి, కుండలు నడుముకు వేలాడేసుకుని పైకెళ్లి వస్తాడు. ప్రమాదం లేదనను, వెదురు కుళ్లితే విరుగుతుంది. కానీ అయిదో పదో చెట్లెక్కాక చేతులు వణికేవాడికి ఆ మెట్లు పెద్ద ఆసరా.

తెలంగాణ ప్రభుత్వం 2024 జులై 14న అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు పంచడం మొదలుపెట్టింది. జారినా పట్టుకునే తాళ్లు, పట్టీలు అందులో ఉంటాయి. అవసరమైన పని. కానీ ప్రతి చెట్టుదగ్గరా తగిలించుకుని విప్పే సరికి పొద్దెక్కుతుంది, కుండ పులుస్తుంది. గీసేవాడికి తొందర ఎందుకో ఇప్పటికే చెప్పాను. నిచ్చెనకు ఆ ఇబ్బంది లేదు. దానికి వేరే ఇబ్బందులున్నాయి. చెట్లు సొసైటీవో రైతువో అయినప్పుడు ఏటా వెదురు ఖర్చు ఎవరు పెడతారు? గట్లమీద చెదురుగా ఉన్న తాళ్లకు మోసుకెళ్లి కట్టడం కష్టం. పొలం యజమాని ఒప్పుకోవాలి, పిల్లలు సరదాకి ఎక్కకుండా చూడాలి. ఒకేచోట యాభై అరవై తాళ్లున్న వనాల్లో మాత్రం ఇవేవీ పెద్ద అడ్డంకులు కావు. ఆదిలాబాద్, భద్రాచలం వైపు వెదురుకు కొదవ లేదు. ఒకటి రెండు గీత సొసైటీలు ఒక సీజన్ కట్టి చూస్తే, ఖర్చెంతో, రోజుకు ఎన్ని చెట్లు తేలిగ్గా అవుతాయో లెక్క తేలిపోతుంది. కట్టేవాళ్లకు మాత్రం ఒక షరతు: కింది నాలుగు మెట్లు తీసి ఇంటికి పట్టుకుపోయేలా విడిగా ఉంచాలి.